రెండు గంటల ముందు ఒక కాగితం

అరెస్టు చేసిన మనిషికి ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలని రాజ్యాంగం 1950లోనే ఆదేశించింది. ఆ మాటను కాగితం మీద పెట్టించడానికి 75 ఏళ్లు పట్టింది. ఆ పోరాటంలో చాలా భాగం ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లోనే నడిచింది.

గురుగ్రామ్‌లోని హుడా సిటీ సెంటర్‌లో ఉన్న ఒక కార్యాలయానికి 2024 జూన్ 10న పోలీసులు వచ్చి ఒక వ్యక్తిని తీసుకెళ్లారు. మోసం, నమ్మకద్రోహం, ఫోర్జరీ అభియోగాలతో అంతకు ఏడాది కిందటే, 2023 మార్చి 25న నమోదైన కేసు అది. తనను పట్టుకున్నది ఉదయం పదిన్నరకని అతను చెప్పాడు. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టింది మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు. ఆ లెక్కన 29 గంటలు. రాజ్యాంగం ఇచ్చిన గడువు 24 గంటలే. పోలీసులు ఆ లెక్కను ఒప్పుకోలేదు. తర్వాత అతన్ని రోహ్‌తక్‌లోని పీజీఐఎంఎస్ ఆస్పత్రిలో చేర్చినప్పుడు చేతులకు బేడీలు వేసి మంచానికి గొలుసుతో కట్టేశారు. ఇది వట్టి ఆరోపణ కాదు. ఆస్పత్రి మెడికల్ సూపరింటెండెంటే రాతపూర్వకంగా ఒప్పుకున్న సంగతి.

అతను నేరం చేశాడా లేదా అన్నది విచారణ కోర్టు తేల్చాల్సిన విషయం. విహాన్ కుమార్ వర్సెస్ హర్యానా పేరుతో సుప్రీంకోర్టుకు వచ్చిన ప్రశ్న అంతకన్నా చిన్నది. ఎందుకు అరెస్టు చేస్తున్నారో అతనికి ఎవరైనా చెప్పారా? చెప్పామన్నారు పోలీసులు. రుజువేమిటంటే కేసు డైరీలో ఒక ఎంట్రీ చూపించారు. అరెస్టయినట్టు అతని భార్యకు తెలియజేశామని కూడా అన్నారు. అరెస్టయ్యాడని చెప్పడం వేరు, ఎందుకు అరెస్టయ్యాడో చెప్పడం వేరు అన్నారు జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఎన్. కోటీశ్వర్ సింగ్. అరెస్టు చెల్లదనీ, అతన్ని వెంటనే విడుదల చేయాలనీ 2025 ఫిబ్రవరి 7న తీర్పు చెప్పారు. అప్పటికి అరెస్టయి ఎనిమిది నెలలు.

ఒక్క వాక్యం చెప్పారో లేదో తేల్చడానికి ఎనిమిది నెలలు! ఈ కథలో అన్నిటికన్నా ఆలోచించాల్సిన విషయం ఇదే.

పరిహారంగా వచ్చిన హక్కు

ఆ వాక్యం రాజ్యాంగంలోని 22వ అధికరణం మొదటి ఖండంలో ఉంది. అరెస్టు చేసిన ఏ వ్యక్తికైనా అందుకు ప్రాతిపదిక ఏమిటో వీలైనంత త్వరగా తెలపకుండా నిర్బంధంలో ఉంచకూడదు. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును నిరాకరించకూడదు. రెండో ఖండం 24 గంటల్లోగా దగ్గరలోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలంటుంది. ప్రయాణానికి పట్టే సమయం ఇందులోంచి మినహాయింపు. ఇక్కడ రాజ్యాంగం 'పౌరుడు' అనలేదు, 'వ్యక్తి' అంది. అంటే ఈ దేశంలో అడుగుపెట్టిన ఎవరికైనా ఈ రక్షణ ఉన్నట్టే. అయితే మూడో ఖండం శత్రుదేశాల పౌరులనూ, ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుబడిన వారినీ దీని నుంచి మినహాయించింది.

ఈ అధికరణం పుట్టుకే ఒక సర్దుబాటు. చట్టం న్యాయబద్ధంగా ఉందో లేదో కోర్టులు పరిశీలించే అమెరికా తరహా విధానం వద్దని, శాసనం నిర్దేశించిన పద్ధతి ప్రకారం నడిస్తే చాలని రాజ్యాంగ సభ 1948 డిసెంబర్‌లో నిర్ణయించింది. అమెరికా వెళ్లిన బి.ఎన్. రావుకు అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఇచ్చిన సలహా ఈ మార్పు వెనక ఉంది. ముసాయిదా సంఘంలో ఈ మార్పును సమర్థించిన వారిలో ముఖ్యుడు నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. ఎన్నికైన శాసనసభల చేతులు న్యాయమూర్తులు కట్టేయకూడదన్నది ఆయన వాదన. దాంతో వ్యక్తి స్వేచ్ఛ పూర్తిగా శాసనసభల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిందన్న విమర్శ వచ్చింది. ఆ లోటు కొంతైనా పూడ్చడానికే 1949 సెప్టెంబర్ 15న బి.ఆర్. అంబేద్కర్ 15-ఎ అనే కొత్త అధికరణాన్ని సభ ముందు పెట్టారు. ఇది అంతకుముందు చేసిన దానికి పరిహారం లాంటిదని ఆయనే చెప్పారు. అదే నేటి 22వ అధికరణం.

ఇది ఒక్క భారతదేశపు ఆలోచన కాదు. లివర్‌పూల్ వ్యాపారి ఒకరి కేసులో బ్రిటన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1947లోనే ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. వారంటు లేకుండా పట్టుకున్న మనిషికి ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, చెప్పకపోతే ఆ నిర్బంధం అక్రమం. ఇంగ్లీషు న్యాయస్థానం వాడుకలోంచి తీసుకున్న సూత్రాన్ని భారత్ ఏకంగా ప్రాథమిక హక్కుగా రాసుకుంది. రాసుకున్నాక దశాబ్దాల పాటు దాన్ని అమలుచేసే పద్ధతి గురించి పెద్దగా పట్టించుకోలేదు.

మరో విడ్డూరం కూడా ఉంది. అదే అధికరణంలోని అయిదో ఖండం ముందస్తు నిర్బంధానికి సంబంధించింది. విచారణ లేకుండా నిర్బంధించిన వ్యక్తికి కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో అందించాల్సిందేనని సుప్రీంకోర్టు 1962లోనే హరికిషన్ కేసులో తేల్చింది. హిందీ మాత్రమే తెలిసిన వ్యక్తికి ఇంగ్లీషు ఉత్తర్వు ఇచ్చి, ఒక అధికారి దాన్ని నోటితో అనువదించి చెప్పినంత మాత్రాన సరిపోదంది. అంటే, నేరం మోపకుండానే జైల్లో పెట్టిన మనిషికి 60 ఏళ్ల కిందటే కాగితం దక్కింది. నేరం మోపి అరెస్టు చేసిన మనిషికి మాత్రం నోటిమాటే మిగిలింది.

'మాట్లాడి పంపిస్తాం'

నోటిమాటతో ఏం జరుగుతుందో ఘజియాబాద్‌లో 1994 జనవరిలో కనిపించింది. ఒక కేసులో వివరాలు కావాలంటూ 28 ఏళ్ల యువ న్యాయవాది జోగిందర్ కుమార్‌ను జనవరి 7న జిల్లా పోలీసు అధికారి కార్యాలయానికి పిలిపించారు. అన్నదమ్ములను వెంటబెట్టుకుని అతను వెళ్లాడు. సాయంత్రం పంపిస్తామన్నారు. పంపలేదు. మర్నాడు పంపిస్తామన్నారు. అప్పుడూ పంపలేదు. ఎక్కడ ఉంచారో కుటుంబానికి తెలియలేదు. హెబియస్ కార్పస్ పిటిషన్‌తో వాళ్లు సుప్రీంకోర్టు తలుపు తట్టాక 14న అతన్ని హాజరుపరిచారు. పోలీసుల జవాబు ఏమిటంటే, అతను అసలు నిర్బంధంలోనే లేడు, అపహరణ కేసులు ఛేదించడంలో తన ఇష్టపూర్వకంగా తమకు సాయపడుతున్నాడు!

'ఒకసారి స్టేషన్‌కు రా, మాట్లాడి పంపిస్తాం' అన్న మాట తెలుగు ఊళ్లలోనూ కొత్తది కాదు. కాగితం మీద అరెస్టు లేదు కాబట్టి 24 గంటల గడియారం మొదలు కాదు. కారణం చెప్పాల్సిన అవసరం రాదు. 1994 ఏప్రిల్ 25న ప్రధాన న్యాయమూర్తి ఎం.ఎన్. వెంకటాచలయ్య నాయకత్వంలోని ధర్మాసనం దీనికి అడ్డుకట్ట వేయబోయింది. అరెస్టు చేసే అధికారం ఉండడం ఒకటి, ఆ అధికారాన్ని వాడడానికి సమర్థన ఉండడం మరొకటి అంది. అరెస్టయిన వ్యక్తి కోరితే అతని బంధువుకో, మిత్రుడికో కబురు చేయాలంది. జాతీయ పోలీసు కమిషన్ మూడో నివేదికను కూడా తీర్పులో ఉదహరించింది. అరెస్టుల్లో దాదాపు 60 శాతం అనవసరమైనవో, అన్యాయమైనవో అనీ, జైళ్ల ఖర్చులో 43.2 శాతం వాటి ఖాతాలోకే పోతోందనీ ఆ కమిషన్ అంచనా.

ఆ తర్వాత మార్గదర్శకాలకు కొదవ లేదు. 1996 డిసెంబర్ 18న డి.కె. బసు తీర్పు 11 నియమాలు పెట్టింది. అరెస్టు మెమో రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, సమయం వేయాలి. 2014 జూలై 2న అర్నేష్ కుమార్ తీర్పు ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దంది. చెక్‌లిస్టు నింపాలని పోలీసులకూ, దాన్ని చదవకుండా రిమాండు ఇవ్వద్దని మేజిస్ట్రేట్లకూ చెప్పింది. 2022 జూలైలో సతేందర్ కుమార్ అంతిల్ తీర్పు అదే మాట మళ్లీ గుర్తుచేసింది. ఒకే పాఠం ఇన్నిసార్లు చెప్పాల్సి వస్తే లోపం పాఠంలో లేదని అర్థం. తప్పితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు గట్టి జవాబు లేకపోవడమే లోపం. మెమో సరిగా రాయకపోతే శాఖాపరమైన చర్య అన్నారు, కోర్టు ధిక్కారం అన్నారు. నిందితుడు మాత్రం లోపలే ఉండేవాడు.

ఈడీ నేర్పిన పాఠం

దారి మళ్లించింది ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కేసు. గురుగ్రామ్ కేంద్రంగా ఉన్న ఎం3ఎం రియల్ ఎస్టేట్ సంస్థకు చెందిన ఇద్దరికి 2023 జూన్ 9న ఢిల్లీ హైకోర్టులో ఒక కేసులో ముందస్తు బెయిలు రక్షణ దొరికింది. ఆ కేసు విచారణకని 14న ఢిల్లీలోని ఈడీ కార్యాలయానికి వెళ్లినవాళ్లను ముందురోజే నమోదుచేసిన మరో కేసులో అరెస్టు చేశారు. కారణాలు చదివి వినిపించామని ఈడీ అంది. లేదని నిందితులన్నారు. దేశంలో కొన్నిచోట్ల ఈడీ అధికారులు రాతపూర్వకంగా కారణాలు ఇస్తున్నారనీ, మరికొన్నిచోట్ల చదివి వినిపించి ఊరుకుంటున్నారనీ విచారణలో బయటపడింది. ఒకే సంస్థకు, ఒకే చట్టానికి రెండు పద్ధతులు!

2023 అక్టోబర్ 3న పంకజ్ బన్సల్ తీర్పు వెలువడింది. ధర్మాసనంలో జస్టిస్ ఎ.ఎస్. బొపన్నతో పాటు ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 2008లో న్యాయమూర్తి అయిన జస్టిస్ సంజయ్ కుమార్. తీర్పు రాసింది ఆయనే. ఇక మీదట అరెస్టు కారణాల ప్రతిని మినహాయింపు లేకుండా నిందితుడి చేతికి ఇవ్వాలన్నారు. అందుకు చూపించిన కారణాలు రెండూ ఇంగితజ్ఞానానికి సంబంధించినవే. నోటితో చెప్పామంటే, చెప్పలేదంటే ఎవరి మాట నమ్మాలి? మనీ లాండరింగ్ చట్టంలో బెయిలు కావాలంటే తాను నేరం చేయలేదని నమ్మడానికి ఆధారం ఉందని నిందితుడే కోర్టును ఒప్పించాలి. పేజీలకు పేజీలు గడగడా చదివేస్తే, అరెస్టయిన కంగారులో ఉన్న మనిషికి అందులో ఎంత గుర్తుంటుంది? న్యాయవాదికి ఏం చెబుతాడు?

కథ అక్కడితో తిన్నగా సాగలేదు. నోయిడా జంట టవర్ల కూల్చివేతతో దేశమంతటికీ తెలిసిన సూపర్‌టెక్ సంస్థ ప్రమోటర్ రామ్‌కిశోర్ అరోరా కూడా ఇదే వాదన తెచ్చారు. ఆయన అరెస్టయింది 2023 జూన్‌లో. పంకజ్ బన్సల్ తీర్పులో 'ఇక మీదట' అన్న పదం ఉంది కాబట్టి పాత అరెస్టులకు అది వర్తించదని 2023 డిసెంబర్ 15న మరో ధర్మాసనం తేల్చేసింది. కాగితాన్ని 24 గంటల్లోగా ఇచ్చినా చాలంది.

ఆరు గంటల రిమాండు

పంకజ్ బన్సల్ తీర్పు వచ్చిన రోజే, అంటే 2023 అక్టోబర్ 3నే, ఢిల్లీ పోలీసు స్పెషల్ సెల్ న్యూస్‌క్లిక్ వెబ్‌సైట్ వ్యవస్థాపకుడు ప్రబీర్ పుర్‌కాయస్థను ఉపా చట్టం కింద అరెస్టు చేసింది. మర్నాడు తెల్లవారుజామున ఆరు గంటల లోపే జడ్జి నివాసంలో హాజరుపరిచి ఏడు రోజుల కస్టడీ తీసుకుంది. అక్కడ ఒక లీగల్ ఎయిడ్ న్యాయవాది ఉన్నారు. నిందితుడి సొంత న్యాయవాదికి మాత్రం రిమాండు దరఖాస్తు ప్రతి అందింది ఏడు దాటాక, అదీ వాట్సాప్‌లో. ఆయన అభ్యంతరం చెప్పే సమయానికి ఉత్తర్వు అయిపోయింది. ఉత్తర్వు మీద మాత్రం సమయం ఉదయం ఆరు గంటలనే ఉంది!

2024 మే 15న జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ సందీప్ మెహతా ఈ అరెస్టునూ రిమాండునూ రద్దు చేశారు. ఈ తీర్పులో అసలు విలువైనది ఒక తేడా. అరెస్టు మెమోలో సాధారణంగా ఉండే మాటలు అందరికీ తెలిసినవే. మళ్లీ నేరం చేయకుండా, సాక్ష్యాలు తారుమారు చేయకుండా, సాక్షులను బెదిరించకుండా, దర్యాప్తు సక్రమంగా సాగడానికి అరెస్టు అవసరం అని ఉంటుంది. ఇవి ఏ నిందితుడికైనా అతికే మాటలు. ఇవి అరెస్టుకు అవసరాలే తప్ప ప్రాతిపదిక కాదు. ప్రాతిపదిక అంటే ఈ మనిషి ఫలానా పని చేశాడని మా దగ్గరున్న ఫలానా సమాచారం చెబుతోంది అని. అది ఆ మనిషికి మాత్రమే వర్తిస్తుంది. జాతకం అచ్చు పుస్తకంలోది కాకూడదు, అతని పుట్టిన తేదీకి రాసిందే కావాలి. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి 1962 నుంచి ఉన్న రాత హక్కు ఇలా అరెస్టయినవారికీ దగ్గరపడింది.

ఆ తీర్పు తర్వాతా సందిగ్ధం మిగిలింది. ఈ నియమం మనీ లాండరింగ్, ఉపా కేసులకేనా, మామూలు నేరాలకూనా? విహాన్ కుమార్ తీర్పు రాతపూర్వకంగా ఇవ్వడం ఉత్తమమంది గానీ తప్పనిసరి అనలేదు. చెప్పామని రుజువు చేసే భారం మాత్రం పోలీసుల మీదే పెట్టింది. ఆంధ్రప్రదేశ్ మద్యం కేసులో అరెస్టును సవాలు చేసిన కేసిరెడ్డి ఉపేందర్ రెడ్డి పిటిషన్‌ను 2025 మే 23న సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ ఇచ్చిన కారణాలు సరిపోతాయంది. కన్నడ నటుడు దర్శన్ బెయిలు రద్దుచేసిన 2025 ఆగస్టు 14 తీర్పులో, కాగితం వెంటనే ఇవ్వకపోవడం వల్ల నిందితుడికి నష్టం జరిగిందని చూపించాలన్న ధోరణి కనిపించింది.

ఈ గజిబిజికి 2025 నవంబర్ 6న ముంబై కేసులో తెరపడింది. మిహిర్ రాజేశ్ షా తీర్పులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్, జస్టిస్ ఎ.జి. మసీహ్ నాలుగు మాటలు స్పష్టంగా చెప్పారు. నేరం ఏదైనా, చట్టం ఏదైనా అరెస్టుకు కారణాలు తెలపాలి. రాతపూర్వకంగా ఇవ్వాలి. అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందయినా కాగితం చేతిలో పెట్టాలి. లేకపోతే అరెస్టు, రిమాండు రెండూ చెల్లవు.

పోలీసుల వైపు నుంచి

పోలీసుల అభ్యంతరాలను తేలిగ్గా కొట్టిపారేయలేం. అర్ధరాత్రి రోడ్డు మీద దొంగను తరిమి పట్టుకున్న హెడ్ కానిస్టేబుల్ అక్కడే కూర్చుని వ్యాసం రాయగలడా? హత్య చేసి కత్తితో దొరికిన మనిషికి తననెందుకు పట్టుకున్నారో తెలియదా? ఒక కాగితం ఆలస్యమైందని హంతకుణ్ణి వదిలేస్తే బాధితుల కుటుంబానికి ఎవరు జవాబు చెబుతారు? దర్యాప్తు రహస్యాలు బయటపడవా?

మొదటి ప్రశ్నకు తీర్పులోనే సమాధానం ఉంది. కళ్లెదుట నేరం జరుగుతుంటే ముందు పట్టుకోవచ్చు, నోటితో చెప్పవచ్చు, కాగితం తర్వాత ఇవ్వవచ్చు. రెండు గంటల గడువు రిమాండు నుంచి వెనక్కి లెక్కేసేదే గానీ అరెస్టు నుంచి ముందుకు లెక్కేసేది కాదు. 24 గంటల్లో రిమాండు దరఖాస్తు టైపు చేయగలిగిన స్టేషన్‌కు, అందులోని సారాంశాన్ని ఒక పేజీలో నిందితుడికి ఇవ్వడం భారం కాదు. వదిలేయాల్సి వచ్చినా కేసు పోదు. చార్జిషీటు నిలబడే ఉంటుంది. నిందితుడికి కారణాలు అందజేసి, కస్టడీ అవసరమైతే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చనీ, మేజిస్ట్రేటు దాన్ని వీలైతే వారంలోగా తేల్చాలనీ కూడా ఆ తీర్పు చెప్పింది. ఇక రహస్యాల సంగతి. కాగితంలో ఉండాల్సింది ఆరోపణ సారాంశం. సాక్షుల చిరునామాలూ దర్యాప్తు వ్యూహమూ కాదు.

పోలీసులు బయటికి చెప్పని ఇబ్బంది వేరే ఉంది. కారణం రాయాలంటే ముందు కారణం ఉండాలి. పైనుంచి వచ్చిన ఫోను మీద, స్థానిక నాయకుడి ఒత్తిడి మీద, అప్పు వసూలు చేసిపెట్టమన్న మొహమాటం మీద అరెస్టు చేసే అధికారికి ఆ పేజీ నింపడం కష్టం. నింపి సంతకం పెడితే అది రేపు అతని మీదే సాక్ష్యం. ఈ నియమం బలమంతా అక్కడే ఉంది. నిజాయితీగా పనిచేసే ఎస్‌ఐకి మాత్రం అదే కాగితం రక్షణ. 'ఏం రాయమంటారు సార్?' అని పైఅధికారిని అడగగలిగే ధైర్యం అది ఇస్తుంది.

మూడు పోలీసులు, ఎన్నో భాషలు

ఢిల్లీ జాతీయ రాజధాని ప్రాంతంలో ఈ నియమానికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. మెట్రో ఎక్కి గంటన్నరలో మూడు పోలీసు వ్యవస్థలు దాటవచ్చు. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోం శాఖ కింద ఉంటారు, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లవి హర్యానా పోలీసులు, నోయిడా, ఘజియాబాద్‌లవి ఉత్తరప్రదేశ్ పోలీసులు. ఒక రాష్ట్ర పోలీసులు మరో రాష్ట్రంలోకి వచ్చి స్థానిక స్టేషన్‌కు చెప్పకుండా మనిషిని తీసుకెళ్లిపోతే ఆ కుటుంబం ఎవరిని అడగాలి? అలాంటి ఒక కేసులోనే ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబర్‌లో అంతర్రాష్ట్ర అరెస్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద స్టేషన్ పేరు, అధికారి పేరు, ఆరోపణ ఉంటే వెతకడానికి కనీసం ఒక చిరునామా దొరుకుతుంది.

భాష సంగతి ఇంకా ముఖ్యం. ఢిల్లీలో ఎఫ్‌ఐఆర్‌లు హిందీ తెలిసినవారికే అర్థమయ్యేవి కావు. ఉర్దూ, పారశీక పదాలు అంతగా నిండి ఉండేవి. ఫిర్యాదుదారుకు అర్థమయ్యే భాషలో రాయాలని 2019లో ఢిల్లీ హైకోర్టు మందలించాక పోలీసులు అలాంటి 383 పదాల జాబితా తయారుచేసి, వాటిని మానుకోవాలని సర్క్యులర్ ఇచ్చారు. హిందీ మాతృభాషగా ఉన్నవాడి అవస్థే అది. శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో నిర్మాణ పనికి వచ్చిన కూలీని నోయిడాలో దొంగతనం కేసులో పట్టుకుంటే? అతని చేతిలో హిందీ కాగితం పెట్టి వేలిముద్ర వేయించుకుంటే రాజ్యాంగం అమలైనట్టు కాదని మిహిర్ షా తీర్పు అంటోంది. అదే సూత్రం హైదరాబాద్‌లో పట్టుబడిన బీహారీ కూలీకీ వర్తిస్తుంది. తెలుగు మాత్రమే వచ్చిన ఎస్‌ఐకి అది పరీక్షే. అనువాదకులను ఎవరు సమకూర్చాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నవి ప్రభుత్వాలు ఇంకా గట్టిగా తేల్చాల్సిన ప్రశ్నలు.

బేడీల విషయంలో ఏం జరిగిందో చూస్తే తీర్పు ఒక్కటే చాలదని తెలుస్తుంది. తీహార్ జైలు విచారణ ఖైదీ ఒకరు పంపిన టెలిగ్రామ్ మీద 1980 ఏప్రిల్ 29న వచ్చిన ప్రేమ్ శంకర్ శుక్లా తీర్పు, మామూలుగా బేడీలు వేయడం రాజ్యాంగ విరుద్ధమంది. జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనంలో జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి కూడా ఉన్నారు. నలభై నాలుగేళ్ల తర్వాత రోహ్‌తక్ ఆస్పత్రి మంచానికి గొలుసు కనబడింది. పైగా 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ హత్య, అత్యాచారం, ఉగ్రవాదం వంటి నేరాల్లోనూ, పదే పదే నేరం చేసేవారికీ బేడీలు వేయడానికి అనుమతించింది. అదే సంహితలోని 47వ సెక్షన్ అరెస్టు కారణాలు చెప్పాలంటుంది, 48వ సెక్షన్ బంధువులకు కబురు చేయాలంటుంది. ఒకే పుస్తకంలో బేడీ, హక్కు పక్కపక్కనే ఉన్నాయి. స్టేషన్‌లో ఏ పేజీ ముందు తెరుస్తారన్నదే సమస్య.

అసలు కాపలాదారు

ఈ కేసుల్లో గెలిచినవాళ్లను చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. రియల్ ఎస్టేట్ యజమానులు, ఒక సంపాదకుడు, పెద్ద కార్యాలయంలోంచి అరెస్టయిన వ్యక్తి. అందరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగే స్తోమత ఉంది. అయినా ప్రబీర్ పుర్‌కాయస్థకు ఏడు నెలలు పట్టింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. వీళ్లలో ఎంతమంది చేతికి ఏ కాగితం అందిందో అడిగే న్యాయవాది లేడు.

కాబట్టి ఈ హక్కు బతికేదీ చచ్చేదీ తిలక్ మార్గ్‌లోని సుప్రీంకోర్టులో కాదు. పాటియాలా హౌస్, తీస్ హజారీ, సాకేత్, రోహిణి, కర్కర్‌డూమా వంటి కోర్టుల్లో, అలాగే దేశంలోని ప్రతి తాలూకా కోర్టులో, సాయంత్రం వేళ రిమాండు కాగితాల కట్ట ముందు కూర్చున్న మేజిస్ట్రేటు దగ్గర. 24 గంటల నియమం పెట్టిందే మొదటి రోజే ఒక స్వతంత్ర కన్ను ఆ అరెస్టును చూడాలని. ఆ కన్ను రెప్ప వాలిస్తే తర్వాత ఏడు నెలలకు సుప్రీంకోర్టు తెరిచినా ప్రయోజనం సగమే. 22వ అధికరణం పాటించారో లేదో నిర్ధారించుకోవడం రిమాండు ఇచ్చే మేజిస్ట్రేటు బాధ్యత అని విహాన్ కుమార్ తీర్పు చెప్పింది కూడా ఇందుకే.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, కమిషన్ అంతకన్నా అక్కర్లేదు. ఎదుట నిలబడ్డ మనిషిని మేజిస్ట్రేటు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. నీకు కాగితం ఇచ్చారా? అది నువ్వు చదవగలిగే భాషలో ఉందా? ఎప్పుడు ఇచ్చారు? జవాబులను ఉత్తర్వులో రాసుకుంటే చాలు. ఈ మూడు ప్రశ్నలకూ కలిపి రెండు నిమిషాలు పడుతుంది. అడగకపోతే ఎంత కాలం పడుతుందో గురుగ్రామ్ కేసు చూపించింది.